బోర్డు మీద మూడు పట్టీలు

జూన్ 12, 1949. ఆదివారం.

అలవాటు చొప్పున పైన అమర్దాద్ అని రాసి కొట్టేశాను. ఫసలీ నెలలు పోయి ఇంగ్లీషు నెలలు వచ్చాయి. శుక్రవారం సెలవు పోయి ఆదివారం సెలవు వచ్చింది. నిజాం సర్కారు పోయి ఏడాది తిరగబోతున్నా నా చెయ్యి మాత్రం ఇంకా పాత నౌకరీలోనే ఉంది.

పొద్దున్నే వకీలు సత్యనారాయణ గారు ఇంటికి వచ్చారు. ఆయనంతట ఆయన మా గడప తొక్కడం ఇదే మొదలు. మా ఇంటామె ఉప్పలమ్మ కంగారుగా చాప దులిపి పరిచింది. సూర్యాపేటలో కాలేజీ పెడుతున్నారట, బి.ఏ. దాకా. పాత జిన్నింగు మిల్లు షెడ్డు బాగుచేయిస్తున్నారు. ఈ రెండేళ్ల గొడవల్లో హైదరాబాద్ చదువులు మధ్యలో వదిలేసి ఇళ్లలో కూర్చున్న పిల్లలు ఈ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. తెలుగుకు, చరిత్రకు, అర్థశాస్త్రానికి మనుషులు దొరికారు. లెక్కలకే దొరకలేదు.

"సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూర్లు ఎతికినా లెక్కలల్ల బి.ఏ. సదివినోనివి నువ్వొక్కనివే నర్సయ్యా," అన్నారు. "కాకుంటె ఇప్పుడు ఉర్దూ ఎత్తేసిన్రు గద. అంత ఇంగ్లీషులనే చెప్పాలె. ఆగస్టు మొదట్ల యూనివర్సిటీ నుంచి ఒకాయన తనిఖీకి వస్తడు. నీ క్లాసుల కూసుంటడు. ఆయన మంచిగుందంటె లెక్కల కోర్సు ఇస్తరు, నౌకరి నీకిస్తరు. లేకుంటె లేదు. నీతోని అయితదా?"

"ఎందుకు గాదు వకీల్ సాబ్," అన్నాను.

ఆ మాట ఎవరన్నారో నాకే తెలియలేదు. నేను చదివిందంతా ఉర్దూలో. ఇంగ్లీషులో నాకు వచ్చింది సెలవు చీటీ రాసుకునేంత. ఇన్నేళ్లుగా మిడిల్ స్కూల్లో భిన్నాలు చెబుతున్నాను. సగం, పావు, అర్ధపావు. కాలేజీలో చదివిన ఎహ్సా, అదే, ఇంగ్లీషువాళ్ల కాలిక్యులస్, ఒక్కరోజంటే ఒక్కరోజు ఎవరికీ చెప్పలేదు. చెప్పమని అడిగినవాళ్లు లేరు. ఈ ఉద్యోగం నాకు కావాలి. ఇంత గట్టిగా నేను ఏదీ కోరుకోలేదు, పెళ్లితో సహా.

జూన్ 14.

వకీలు గారు ఇంగ్లీషు కాలిక్యులస్ పుస్తకం పంపారు. తెరిచాను. మూసేశాను.

జూన్ 19.

మిర్యాలగూడ వెళ్లొచ్చాను. ఏసుపాదం అక్కడ మిషన్ బడిలో ఇంగ్లీషు చెబుతాడు. ట్రైనింగులో ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం.

దారిలో మిలిటరీ వాళ్లు బస్సు ఆపి అందరినీ దింపారు. ఈ తాలూకాలో ప్రతివాడూ కమ్యూనిస్టే అని వాళ్ల నమ్మకం. నా సంచిలో పాత ఉర్దూ పుస్తకం దొరికింది. అరవ సిపాయి. పుస్తకాన్ని అడ్డంగా చూశాడు, నిలువుగా చూశాడు. ఉర్దూ అక్షరాలు, మధ్యలో వంకర గీతలు, వాటి మీద బాణాలు. అడవిలో దారుల పటం అనుకున్నాడో ఏమో, నన్ను పక్కన నిలబెట్టాడు. ఉర్దూలో చెప్పాను, తెలుగులో చెప్పాను. ఆఖరికి "మేథమెటిక్స్" అన్నాను. వెంటనే పుస్తకం చేతిలో పెట్టి పొమ్మన్నాడు. ఆ మాట వినగానే అతని మొహం మా ఏడో తరగతి పిల్లల మొహంలా అయింది.

ఏసుపాదం చర్చి నుంచి వచ్చేదాకా వాళ్ల అరుగు మీద కూర్చున్నాను. సంగతి చెబితే చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"అన్నా, నీకు ఇంగ్లీషు రాదు, నాకు లెక్కలు రావు. ఇద్దరం గలిస్తె ఒక మాస్టరు అయితడు," అన్నాడు. "ఆగస్టు దాంక ఎన్ని దినాలున్నయి? భాష మొత్తం రాదు. ఒక్క పాఠం పట్టు. ఆ ఒక్క పాఠం ఇంగ్లీషుల దంచు. ఆ వచ్చేటాయన ఒక్క పాఠమే గద వినేది?"

నాకు నచ్చింది. దొంగపని అనిపించలేదు. కొంచెం అనిపించింది.

నేను తెలుగులో చెబుతుంటే అతను ఇంగ్లీషులోకి మార్చాడు. నేను దాన్ని ఉర్దూ అక్షరాల్లో రాసుకున్నాను, నాకు వేగంగా వచ్చేది అదే. ఇంగ్లీషు మాటలు, ఉర్దూ లిపి, చదివేది తెలుగువాడు. మా హైదరాబాదు సంస్థానం మొత్తం ఆ కాగితంలో ఉంది.

జూన్ 27.

మా పుస్తకాల్లో ఎక్స్‌ను "లా" అనీ, వైని "మా" అనీ అనేవాళ్లం. లిమిట్ అంటే "హద్". టాంజెంటు అంటే "మమాస్". ఒక్కో మాటనూ నోట్లోంచి పీకి ఇంకో మాట నాటుతున్నాను. బజారులో ఉప్పు కొంటూ కూడా అదే పని.

మాకు ఎహ్సా చెప్పిన ఉస్తాద్ గుర్తొచ్చారు. పోయినేడు కరాచీ వెళ్లిపోయారని విన్నాను. ఆయన తరగతిలోకి రాగానే బోర్డును నిలువుగా మూడు పట్టీలు చేసేవారు. ఒక్క అక్షరం గీత దాటేది కాదు. పట్టీ తర్వాత పట్టీ నిండుతుంటే చేను పారుతున్నట్టు ఉండేది. బోర్డు మీద రాత నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన అక్కడ ఏ భాషలో చెబుతున్నారో. బతికుంటే చాలు.

జూలై 3.

బస్సులు నడవలేదు. ఎక్కడో వంతెన దగ్గర కాల్పులట.

మిర్యాలగూడ వెళ్లడం కుదరక పాఠం ఉప్పలమ్మకు అప్పజెప్పాను. ఆమె జొన్నలు చెరుగుతూ వింది. ఇంగ్లీషు అయ్యాక అదేమిటో చెప్పమంది. బస్సు మాటతో చెప్పాను. సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు బస్సు ఒకచోట ఆగుతూ, ఒకచోట ఉరుకుతూ పోయింది. మొత్తం మీద సగటున ఏ వేగంతో పోయిందో, దారిలో ఎక్కడో ఒక్క క్షణమైనా సరిగ్గా అదే వేగంతో పోయి తీరాలి. అది రుజువు చెయ్యడమే నా పాఠం.

"ఆ క్షణం యాడ ఉంటదో చెప్తదా నీ లెక్క?"

"చెప్పది. ఉంటదని మాత్రం చెప్తది."

"ఉన్నదని చెప్పి యాడున్నదో చెప్పకుంటె ఏం ఫాయిద?" అని చేట దులిపింది. మళ్లీ చెరుగుతూ, "ఇంగ్లీషుల చెప్పేటప్పుడు చేతులెందుకు ఎనుకకు కట్టుకుంటవయ్యా? పటేలు ముంగట నిలవడ్డట్టు," అంది.

చూసుకున్నాను. నిజమే.

జూలై 5.

చేతులు విడిపించాను. మాటలు పోయాయి.

జూలై 10.

వకీలు గారు ఒకతన్ని వెంటబెట్టుకొచ్చారు. ప్రభాకర్‌రావు. జగ్గయ్యపేట వాడు, కోదాడలో పెళ్లి చేసుకున్నాడు. అటువైపు కాలేజీలో ఇంగ్లీషులో లెక్కలు చదివాడట. నాకంటే పన్నెండేళ్లు చిన్నవాడు. మల్లెపూవు లాంటి చొక్కా. సూర్యాపేట దుమ్ములో ఆ చొక్కా అంత తెల్లగా ఎలా ఉందో అర్థం కాలేదు.

"ఒకరికి ఇద్దరుంటె మంచిది గద నర్సయ్యా. ఆ దినం ఇద్దరూ చెప్పున్రి," అన్నారు వకీలు గారు నా మొహం చూడకుండా.

ఆయన వెళ్లాక అతను ఆగిపోయాడు. "మాస్టారూ, మీ చోటుకి ఎసరు పెట్టడానికి వచ్చాననుకోకండి. మా మామగారు చెప్పకుండా నా పేరు ఇచ్చేశారండి. మీరు వద్దంటే రానండి."

వద్దనడానికి నేనెవరిని? పరీక్ష పెడదామని నా సగటు సిద్ధాంతం గురించే అడిగాను. పుల్లతో నేల మీద గీసి, రెండు నిమిషాల్లో చెప్పాడు. శుభ్రంగా చెప్పాడు. వీడికి రాకపోతే బాగుండునని అంతసేపూ అనుకుంటూనే ఉన్నాను.

రమ్మన్నాను. నాకేమీ బాధ లేదు.

జూలై 17.

కాలేజీలో చేరబోయే పిల్లలు నలుగురైదుగురు వచ్చారు. షెడ్డులో బోర్డు బిగించారంటే అక్కడికే తీసుకెళ్లి పాఠం చెప్పి చూశాను. అందరూ ఉర్దూ బడుల వాళ్లే. అర్వపల్లి మట్టయ్య ఉన్నాడు, ఏడో తరగతిలో నా దగ్గర భిన్నాలు నేర్చుకున్నవాడు. హైదరాబాద్‌లో ఇంటర్ పాసై వచ్చాడు. బి.ఏ.లో లెక్కలు లేకపోతే గొర్రెల వెంట పోతానంటున్నాడు. వాళ్ల నాయన అందుకు సిద్ధంగానే ఉన్నాడట.

ఇంగ్లీషు వాళ్లకూ సగమే అర్థమైంది. కానీ బోర్డు చూసి తలలూపారు. మట్టయ్య అన్నాడు, "సార్, మాటలు రాకున్నా బోర్డు సూస్తె సమజైతాంది."

చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది. రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

జూలై 24.

మిర్యాలగూడ. ఏసుపాదం బడి గది తాళం తీసి నన్ను బోర్డు ముందు నిలబెట్టాడు. తను వెనక బెంచీలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. కళ్లు తెరిస్తే తప్పులు దొరకవట, చెవులే పట్టుకుంటాయట. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. మూడు చోట్ల ఆపాడు. రెండోసారి ఆపలేదు.

"ఖతం అన్నా. ఇంగ నిన్ను ఎవ్వడు ఆపడు," అన్నాడు కళ్లు తెరిచి. వాళ్ల ఇంటామె సువర్ణమ్మ సజ్జ గారెలు పెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఎవరూ ఆపలేదు.

జూలై 31.

రేపే. చొక్కా ఉతికించాను. మల్లెపూవంత కాలేదు.

ఆగస్టు 1.

రాయలేను.

ఆగస్టు 2.

నిన్నటిది రాస్తాను. రాస్తేగానీ పోదు.

తనిఖీకి వచ్చినాయన దక్షిణాది పెద్దమనిషి. కోటు, వెండి కమ్మీల కళ్లజోడు. ఉర్దూ రాదు, తెలుగు రాదు. పది గంటలకు రావాలి. వకీలు గారింట్లో పూరీలు అయ్యేసరికి ఆలస్యమైంది. పిల్లలు కదులుతున్నారు, నన్ను మొదలుపెట్టమని కబురు వచ్చింది. మొదలుపెట్టాను.

ఇది ఎవరూ నమ్మకపోయినా రాసుకుంటాను. నిన్న నేను బాగా చెప్పాను. మాట ఎక్కడా తట్టుకోలేదు. చేతులు వెనక్కి పోలేదు. బస్సు ఉదాహరణ చెప్పినప్పుడు పిల్లలు నవ్వారు, ఇంగ్లీషులో చెప్పినా నవ్వారు. వెనకాల ప్రభాకర్‌రావు కూడా నవ్వాడు. ఇన్నేళ్ల నుంచి లోపల మగ్గిపోయిన పాఠం బయటికొచ్చి ఎండలో నిలబడింది. చివరి వాక్యం రాసి, చాక్‌పీసు పెట్టి, చేతులు దులుపుకుని తిరిగేసరికి ఆయన గుమ్మంలో ఉన్నాడు.

కుర్చీలో కూర్చుని బోర్డు చదివాడు. నొసలు ముడిచాడు. మళ్లీ చదివాడు. గబగబా ఏదో అడిగాడు. నాకు పాఠంలో ఉన్న ఇంగ్లీషే తెలుసు, ఆ ప్రశ్న పాఠంలో లేదు. పెద్దవాళ్లు అడిగితే నోరు దానంతట అదే అనే మాట ఒకటుంది.

"ఎస్ సర్," అన్నాను.

ఆయన కళ్లజోడు తీశాడు. మళ్లీ అడిగాడు, ఈసారి నెమ్మదిగా. నాకు ఇంకా అందలేదు.

"ఎస్ సర్."

మట్టయ్య ముందు బెంచీలోంచి సగం లేచి, ఏం చెప్పాలో తెలియక కూర్చున్నాడు. ఆయన ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ప్రభాకర్‌రావు తన పాఠం చెప్పాడు. నేను వినలేదు.

సాయంత్రం బోర్డు తుడవడానికి వెళ్లాను. నా రాత అలాగే ఉంది, పక్కబోర్డు మీద అతనిది ఉంది. కాళ్లు లాగుతుంటే ఆయన కూర్చున్న కుర్చీలోనే కూలబడ్డాను. ఊరికే కళ్లెత్తి, ఆయన చూసినట్టు, ఎడమ నుంచి చదివాను.

ఎడమ పట్టీలో "కనుక సిద్ధాంతం రుజువైంది" అని ఉంది. నడిమి పట్టీలో దానికి దారి. కుడి పట్టీలో మొదలు.

వాక్యాలు ఎడమ నుంచి కుడికే రాశాను, ఇంగ్లీషులో అలాగే రాయాలి కనుక. పట్టీలు మాత్రం కుడి నుంచి ఎడమకు నింపాను. ఉస్తాద్ అలాగే నింపేవారు. నేను జన్మలో ఇంకోలా నింపలేదు. నాకది తప్పని తెలియదు, ఒప్పని కూడా తెలియదు, అసలు అదొక సంగతని తెలియదు. ఉప్పలమ్మకు చదువు రాదు. పిల్లలు నాలాంటి వాళ్లే. ఏసుపాదం కళ్లు మూసుకున్నాడు.

నోరంతా మార్చుకున్నాను. చెయ్యి మారలేదు.

ఆగస్టు 7.

ఆ ప్రశ్న చెవిలో మిగిలినంత మేరకు ఏసుపాదానికి చెప్పాను. అతను మాటలు ఏరి కూర్చాడు.

"'రుజువు చెయ్యాల్సినదాన్నే ముందుగాల రాసుకొని మొదలువెట్టినవా?' అని అడిగిండన్నా. నువ్వేమన్నవ్?"

"ఎస్ సర్ అన్న."

"రెండోసారి?"

"గదే."

అతను నవ్వలేదు. నవ్వితే బాగుండేది. "బోర్డు దిక్కు నేను సూడనేలేదు గదనే," అని తల పట్టుకున్నాడు. నేనే అతన్ని ఓదార్చాల్సి వచ్చింది.

ఆగస్టు 9.

వకీలు గారి దగ్గరికి వెళ్లి కుడి, ఎడమ సంగతి విప్పి చెప్పాను. ఆయన నిజంగానే విన్నారు. రెండుసార్లు గాలిలో వేలితో గీసుకుని మరీ అర్థం చేసుకున్నారు.

"నువ్వు చెప్పేది నిజమే. కని ఇప్పుడు యూనివర్సిటీకి ఏమని రాయాలె? మావోడు ఉర్దూ తీరుగ రాసిండు, మీరు ఇంగ్లీషు తీరుగ సదివిన్రు అని రాయాల్నా? ఉర్దూ అన్న మాట ఇనవడితెనే మొకాలు తిప్పుకునే కాలం గిది. ఉన్న కోర్సు గూడ పోతది." గొంతు తగ్గించారు. "లెక్కలు ఇచ్చిన్రు నర్సయ్యా. ప్రభాకర్‌రావు చెప్పేటట్టయితెనే ఇచ్చిన్రు."

కోర్సు వచ్చింది. మట్టయ్య గొర్రెల వెంట పోడు. మంచిదే. నాకేమీ బాధ లేదు.

ఆగస్టు 16.

నిన్న జెండా పండుగ. షెడ్డు బయట పలక వేలాడదీశారు, ఏ కోర్సుకు ఎవరో రాసి. గణితం, ప్రభాకర్‌రావు బి.ఏ. ఆనర్స్. లోపల ఏమేం చెబుతారో కూడా రాశారు. బీజగణితం, వైశ్లేషిక జ్యామితి, కాలిక్యులస్, స్థితిశాస్త్రం. మిఠాయి పంచారు. తిన్నాను.

మా బడిలో ఇవాళ పావుకు అర్ధపావు కలిపాం. నాకేమీ బాధ లేదు.

ఆగస్టు 19.

ఏడో తరగతి పిల్లవాడిని కొట్టాను. వాడు లెక్క సరిగ్గానే చేశాడు.

ఆగస్టు 29.

ప్రభాకర్‌రావు ఇంటికి వచ్చాడు. చొక్కా ఇప్పుడు మా ఊరి రంగులోకి వచ్చింది.

"మాస్టారూ, పిల్లలు మునిగిపోతున్నారండి," అన్నాడు. అతని పద్ధతి ఏమిటంటే, తరగతి మొదలు కాకముందే బోర్డంతా నింపి పెడతాడు, వాళ్ల వైపు అదే అలవాటట. తర్వాత ఇంగ్లీషులో వివరిస్తాడు. "వాళ్లు నా రుజువుని కుడి నుంచి, అంటే చివర్నుంచి మొదటికి, నోట్సులో ఎక్కించుకుంటున్నారండి. మొన్నటి దాకా నాకు తెలియనే లేదు. తెలిశాక, ఆ రోజు మీ బోర్డు గుర్తొచ్చింది. మీరు కుడి నుంచి నింపుతుంటే నేనూ తప్పే అనుకున్నానండి మాస్టారూ, వెనకాల నిలబడి. అందుకే నోరెత్తలేదు."

ఉప్పలమ్మ మజ్జిగ ఇచ్చింది. గ్లాసు చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు, తాగకుండా.

"సాయంత్రాలు మీరొచ్చి వాళ్లకి అర్థమయ్యేలా మళ్లీ చెప్పాలండి. కమిటీ ఏమీ ఇవ్వలేదు. నేనే అడుగుతున్నాను."

కుదరదన్నాను. బడి పని ఉందన్నాను. ఒంట్లో బాగుండటం లేదన్నాను. మూడూ చెప్పకుండా ఉండాల్సింది, ఒకటి చెబితే నమ్మేవాడు.

అతను వెళ్లాక ఉప్పలమ్మ అంది, "ఆ పిల్లలు ఏం జేసిన్రయ్యా నిన్ను?"

సెప్టెంబరు 1.

మట్టయ్య బజారులో ఎదురయ్యాడు. నన్ను చూసి పక్క సందులోకి తిరిగాడు. అర్థం కానివాడు అలాగే తప్పుకుంటాడు. నేనూ ఇంగ్లీషు వచ్చినవాళ్లను చూస్తే అలాగే చేసేవాడిని.

సెప్టెంబరు 4. ఆదివారం.

వకీలు గారి కాలిక్యులస్ పుస్తకం ప్రభాకర్‌రావుకు చేర్చాలని కోదాడ వెళ్లాను. పుస్తకం చేర్చడానికే. సూర్యాపేటలో వకీలు గారి గుమాస్తాకు ఇచ్చినా సరిపోయేది.

కోదాడ బస్టాండులో దిగగానే "అండీ"లు మొదలవుతాయి. వాళ్ల మామగారి ఇల్లు పోలీసు నాకా అవతల. లోపలికి వెళ్లేసరికి అతను అరుగు మీద పలక పెట్టుకుని కూర్చున్నాడు. పలక మీద అలీఫ్, బే, పే. మసీదు ముల్లాను అడిగి నేర్చుకుంటున్నాడట. పిల్లల నోట్సు చదవకుండా వాళ్లు ఎక్కడ తప్పుతున్నారో ఎలా తెలుస్తుందండి, అన్నాడు సిగ్గుపడుతూ.

నా కళ్ల ముందే ఒక మాట రాశాడు. హద్, అంటే లిమిట్. పలకకు ఎడమ అంచున మొదలుపెట్టాడు. రెండో అక్షరానికి చోటు లేదు. చెరిపి మళ్లీ అక్కడే పెట్టాడు.

నేను అతని చెయ్యి పట్టుకుని కుడి అంచుకు జరిపాను. అతని చెయ్యి మొరాయించింది. దానికి ఇష్టం లేదు. ఆ మొరాయింపు నాకు బాగా తెలుసు. ఎందుకో గానీ ఆగస్టు తర్వాత మొదటిసారి నాకు అతని మీద కోపం రాలేదు.

"ఎప్పటి నుంచి రావాలె?" అన్నాను.

సెప్టెంబరు 5.

బడి అయ్యాక ఖాళీ తరగతిలో ఎడమ నుంచి పట్టీలు నింపడం సాధన చేశాను. భుజం నొప్పి.

సెప్టెంబరు 9.

ఇవాళా అదే. నడిమి పట్టీ దాకా బాగానే పోతున్నాను. తర్వాత చెయ్యి దానంతట అదే ఎడమకు వస్తుంది, చీకట్లో గాటికి చేరే గొడ్డులాగా. ఉప్పలమ్మ భుజానికి ఆముదం రాసింది. "ముసలితనంల గీ చదువేంది," అని తిడుతూనే రాసింది.

సెప్టెంబరు 12.

ఇవాళ మొదటి సాయంత్రం క్లాసు.

ప్రభాకర్‌రావు లాగే ముందుగా వెళ్లి, పిల్లలు రాకముందే బోర్డు నింపి పెట్టాను. అదే సగటు సిద్ధాంతం. ఎడమ నుంచి మొదలుపెట్టాను. మొదలు ఎడమ పట్టీలో, దారి నడుమ, ముగింపు కుడి పట్టీలో. చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు. నా అంతట నేనే వెనక్కి నడిచి, ఆ పెద్దమనిషి కుర్చీ ఉన్న చోటు నుంచి చదివి చూసుకున్నాను. సరిగ్గా ఉంది. ఎంత గర్వపడ్డానో ఇక్కడ రాసుకోవడానికి సిగ్గుపడను.

పిల్లలు వచ్చి కూర్చుని వెంటనే ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. ప్రభాకర్‌రావు వెనక బెంచీలో, కాగితం మీద ఉర్దూ మాటలు కూడబలుక్కుంటూ. నేను చాక్‌పీసుతో నిలబడ్డాను. కాసేపటికి మట్టయ్య తలెత్తాడు. బోర్డు చూశాడు, తన కాగితం చూశాడు, మళ్లీ బోర్డు చూశాడు.

"సార్, రుజువు చెయ్యాల్సింది ముందుగాలనే రాసిన్రేంది?"

అదే ప్రశ్న. ఈసారి తెలుగులో.

"ఎటు నుంచి ఎక్కించుకుంటున్నవ్ రా?"

"కుడి దిక్కు నుంచే సార్. ఇది మీ రాత గద. మీరు కుడి నుంచే మొదలువెడ్తరు గద." మిగిలిన వాళ్లూ తలలూపారు. ఒకడు, "ప్రభాకర్‌రావు సార్‌దయితె ఎడమ నుంచని మొన్ననే సమజైంది సార్. మీది మాకు మొదటి నుంచి ఎరుకే," అన్నాడు.

వాళ్ల కోసం నేను మారాను. నా కోసం వాళ్లు మారకుండా ఉన్నారు. వెనక నుంచి ప్రభాకర్‌రావు నవ్వడం మొదలుపెట్టాడు, తర్వాత పిల్లలు. నేనూ నవ్వాను, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. ఏ నీళ్లో పిల్లలకు తెలియలేదు.

తర్వాత బోర్డు దగ్గరికి వెళ్లి ఎడమ పట్టీ మీద ఒకటి అంకె వేశాను. నడిమి దాని మీద రెండు. కుడి దాని మీద మూడు. "ఇగ ఎవ్వరి రాత అయినా, ముందు అంకె సూడున్రి," అన్నాను. అందరూ రాసుకున్నారు. ప్రభాకర్‌రావు కూడా రాసుకున్నాడు.

మూడు అంకెలు. ఏడో తరగతి వాడు కూడా వేయగలడు. ఆరు వారాలు ఇంగ్లీషు నమిలాను, బస్సుల్లో నిలబడ్డాను, సిపాయి చేత చిక్కాను. ఆ రోజు పట్టీల మీద మూడు అంకెలు వేసి ఉంటే చాలు. ఆయన ఏ భాష వాడైనా చదివేవాడు.

పాఠం రెండు గంటలు సాగింది. లా, మా అన్నాను, ఎక్స్, వై అన్నాను, బస్సు అన్నాను. చివరికి మట్టయ్య రుజువు మొత్తం లేచి చెప్పాడు, సగం ఉర్దూలో, సగం తెలుగులో, "దేర్‌ఫోర్" మాత్రం ఇంగ్లీషులో. నేను కోరుకున్న పాఠం ఇదే. నేను కోరుకున్నట్టే చెప్పాను.

బయటికి వచ్చేటప్పుడు పలక మీద కళ్లు పడ్డాయి. గణితం, ప్రభాకర్‌రావు. నా పేరు ఎక్కడా లేదు. ఉండదు కూడా.

బాధగా ఉంది. చాలా బాధగా ఉంది. రేపు సాయంత్రం సమాకలనం మొదలుపెడతానని పిల్లలకు మాటిచ్చాను, ఉప్పలమ్మను పెందలాడే వండమని చెప్పాలి.